సంక్రాంతికి అరిసె తినే పద్ధతి

ఏటా భోగి పొద్దున “ఈసారి అరిసె ముట్టను” అని ఒట్టు పెట్టుకునేవాళ్లే కనుమ రాత్రి డబ్బా అడుగు తడుముతారు. ఒట్లు వద్దు, ఎంపిక చేసుకోండి. ఏడాది పొడవునా దుకాణంలో దొరికే లడ్డూ మీద నేను పండగ ఆకలిని ఖర్చు చేయను. విశాఖకు వచ్చే చుట్టాలు దారిలో మాడుగుల హల్వా తెస్తే మాత్రం ఆ నియమం చెల్లదు.

అరిసెను నూనెలోంచి తీయగానే చెక్కల మధ్య గట్టిగా నొక్కండి. మా ఇంట్లో ఈ పని నాదే, ఎవరికీ ఇవ్వను. గ్రాము కొవ్వుకు 9 కిలోకేలరీలు, పిండిపదార్థానికి 4. కారిన ప్రతి చుక్కా లాభమే. గారెల పిండి గట్టిగా రుబ్బి, నూనె బాగా కాగాక వేయండి. జారుడు పిండి నూనె తాగేస్తుంది. కనుమ నాడు మినుము తినాలన్నారు, కాబట్టి గారెలకు క్షమాపణలు అక్కర్లేదు. మధుమేహం ఉన్నవారు మాత్రం బెల్లాన్ని మందులా చూడకండి, అదీ చక్కెరే.

మధ్యాహ్నం విందు ఉందని పొద్దున పస్తుండకండి. రెండు ఇడ్లీలు తినండి. ఆకలి మండుతుంటే చేయి ఆగదు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి దాకా నడవండి, శిక్షగా కాదు, గాలి కోసం. “లావయ్యావే” అనే పిన్నిగారి కంచంలో ఇంకో బొబ్బట్టు వేసి, నెయ్యి కూడా పోయండి.