ప్లే స్టోర్ ‘తప్పు కీ’ అని యాప్‌ను తిప్పి పంపితే: అప్‌లోడ్ కీ రీసెట్‌కు దరఖాస్తు విధానం

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన ఆ మధ్య రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశారు. “అన్నా, ఆదివారం మాక్ టెస్ట్ పెట్టినం. యాప్ అప్‌డేట్ పెడుతుంటే ప్లే స్టోర్ తీసుకుంటలేదు. తప్పు కీతో సంతకం చేసినరు అంటున్నది. యాప్ చేసిచ్చిన పిల్లగాడు బెంగళూరుకు పోయిండు, ఆ పాత ల్యాప్‌టాప్ కూడా అమ్మేసిండట. ఇంక కొత్త పేరుతోని ఇంకో యాప్ పెట్టుడేనా?”

వద్దన్నాను. కొత్త ప్యాకేజీ పేరుతో (స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేరు) ఇంకో యాప్ పెడితే పాత యాప్‌కు వచ్చిన రేటింగులు, రివ్యూలు, ఇన్‌స్టాల్ చేసుకున్న పిల్లలు అంతా అక్కడే ఉండిపోతారు. చాలామంది కంగారులో చేసే పని అదే, తర్వాత బాధపడేదీ దానికే. పోయిన కీ తిరిగి రాకపోయినా దాని స్థానంలో కొత్త కీ పెట్టుకోవడానికి గూగుల్ ప్లే కన్సోల్‌లోనే (స్టోర్‌లో యాప్‌లు పెట్టేవాళ్లు వాడే సైటు) దరఖాస్తు ఉంది. దానికి రుసుమేమీ లేదు. అయితే దరఖాస్తు పెట్టేముందు ఒక్క పని తప్పకుండా చేయాలి. రెండు వేలిముద్రలు, అంటే కీలను గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరుసలు, పక్కపక్కన పెట్టి చూడాలి.

అసలు ఏ సంతకం తప్పింది?

బ్యాంకులో మీ నమూనా సంతకం ఉంటుంది. చెక్కు మీద సంతకం దానితో కలవకపోతే చెక్కు వెనక్కి వస్తుంది, ఖాతాలో డబ్బు మాత్రం భద్రంగానే ఉంటుంది. ప్లే స్టోర్‌లోనూ అంతే. మీరు పంపే ఫైలు మీద ఉండే సంతకం అప్‌లోడ్ కీది. దాని నమూనాను గూగుల్ దాచుకుని, ప్రతి అప్‌డేట్‌కూ సరిచూస్తుంది. యాప్ జనం ఫోన్లలోకి వెళ్లేటప్పుడు గూగుల్ తన దగ్గరున్న ఇంకో కీతో అసలు సంతకం చేస్తుంది. దాన్ని యాప్ సైనింగ్ కీ అంటారు. ఫోన్లు నమ్మేది ఆ రెండోదాన్నే. అందుకే మీ అప్‌లోడ్ కీ పోయినా యాప్ వాడేవాళ్లకు ఏమీ కాదు. మీరు మళ్లీ అప్‌డేట్ ఇచ్చేదాకా ఆలస్యం, అంతే.

ఎర్రర్ సందేశాన్ని చివరిదాకా చదవండి. ‘తప్పు కీ’ అన్న మాట కింద రెండు షా-1 (వేలిముద్రను లెక్కగట్టే పద్ధతి పేరు) వేలిముద్రలు ఉంటాయి. ఒకటి రావలసిన కీది, రెండోది మీరు పంపిన కీది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఇక్కడి నుంచి వెతుకులాటంతా మొదటి వేలిముద్ర కోసమే.

దరఖాస్తు అవసరమే లేని సందర్భాలు

నా దగ్గరికి వచ్చినవాటిలో కీ నిజంగా పోయినవి తక్కువ. ఎక్కువసార్లు కీ ఇంట్లోనే ఉంటుంది, బిల్డ్ (కోడ్ నుంచి యాప్ ఫైలు తయారుచేయడం) ఇంకోదాంతో జరుగుతుంది.

ఫ్లటర్‌తో (యాప్‌లు చేసే గూగుల్ సాధనం) చేసిన యాప్ అయితే ముందు బిల్డ్ గ్రేడిల్ ఫైలు (బిల్డ్ ఎలా జరగాలో రాసి ఉండేది) తెరవండి. ఫ్లటర్ ఇచ్చే కొత్త ప్రాజెక్టులో రిలీజ్ బిల్డ్ (జనానికి ఇచ్చేది) కూడా డీబగ్ కీతోనే (పరీక్షించుకోవడానికి వాడేది) సంతకం అయ్యేట్టు రాసి ఉంటుంది. మీ సొంత కీ పెట్టుకోమని పైన ఒక గుర్తు వాక్యం కూడా ఉంటుంది, అది కంటపడకుండా పోతుంది. అప్పుడు ప్లే కన్సోల్ ‘డీబగ్ మోడ్‌లో సంతకం చేశారు’ అని తిప్పి పంపుతుంది. రిలీజ్ భాగంలో మీ కీస్టోర్ ఫైలు (కీని దాచి ఉంచేది) దారి, పాస్‌వర్డ్, కీ మారుపేరు (ఏలియాస్) సరిగ్గా ఇచ్చి మళ్లీ బిల్డ్ చేస్తే పని అయిపోతుంది.

నలుగురైదుగురు క్లయింట్లకు యాప్‌లు చేసేవాళ్లకు ఇంకో చిక్కు. ఒకరి కీస్టోర్ ఇంకొకరి ప్రాజెక్టులోకి వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో గ్రేడిల్ పనుల జాబితాలో ‘సైనింగ్ రిపోర్ట్’ ఉంటుంది. దాన్ని నడిపితే ప్రతి బిల్డ్ రకానికీ ఏ కీ వాడుతున్నారో, దాని షా-1 ఏమిటో చూపిస్తుంది. మీ దగ్గరున్న ప్రతి కీస్టోర్ ఫైలునూ జావాతో వచ్చే కీటూల్‌తో చూడండి. పాత పెన్‌డ్రైవ్‌లు, డ్రైవ్, మెయిల్ అటాచ్‌మెంట్లు కూడా వెతకండి. ‘జేకేఎస్’ అని గానీ ‘కీస్టోర్’ అని గానీ ముగిసే ఫైలు ఏదైనా పరవాలేదు. రావలసిన షా-1తో కలిసేది దొరికితే దరఖాస్తు అక్కర్లేదు.

పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి. ‘కీస్టోర్ చెడగొట్టారు లేదా పాస్‌వర్డ్ తప్పు’ అని వస్తే ఫైలు పాడైందని హడలిపోకండి. దాదాపు ప్రతిసారీ అది పాస్‌వర్డ్ తప్పే. ఈ మధ్య కాలపు జావాతో చేసిన కీస్టోర్లు పీకేసీఎస్12 రకంవి. వాటిలో కీస్టోర్‌కూ లోపలి కీకీ పాస్‌వర్డ్ ఒకటే ఉండాలి. రెండు వేర్వేరుగా రాసిపెట్టుకున్నవాళ్లు రెండు చోట్లా కీస్టోర్ పాస్‌వర్డే ఇచ్చి చూడండి.

అర్హత

యాప్ ‘ప్లే యాప్ సైనింగ్’లో, అంటే యాప్ సైనింగ్ కీని గూగుల్ దగ్గర ఉంచే ఏర్పాటులో, చేరి ఉండాలి. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లన్నీ ఏఏబీ (ఆండ్రాయిడ్ యాప్ బండిల్) రూపంలోనే పంపాలన్న నిబంధన వచ్చింది కాబట్టి, ఆ తర్వాత పెట్టినవన్నీ చేరినట్టే. అంతకు ముందువైతే కన్సోల్‌లో చూసుకోండి. చేరని పాత యాప్ కీ నిజంగా పోతే రీసెట్‌కు దారి లేదు. ఆ ఒక్క సందర్భంలోనే కొత్త ప్యాకేజీ పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. మీ పాత యాప్ ఇంకా చేరి ఉండకపోతే, కీ చేతిలో ఉండగానే ఈ వారమే చేర్చేయండి.

దరఖాస్తుకు డెవలపర్ ఖాతా యజమాని లాగిన్‌తోనే వెళ్లండి. కోచింగ్ సెంటర్ ఆయన విషయంలో ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఖాతా ఆయన సొంత మెయిల్ మీద ఉంది, 25 డాలర్ల రిజిస్ట్రేషన్ ఆయన కార్డు మీదే కట్టారు. అదే ఆ పిల్లాడి సొంత ఖాతాలో యాప్ ఉండి ఉంటే, ముందు ఆ పిల్లాణ్ని పట్టుకుని యాప్‌ను ఈ ఖాతాకు బదిలీ చేయించుకోవాల్సి వచ్చేది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కొత్త కీస్టోర్ ఒకటి చేయాలి. ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్ మెనూ కింద సంతకంతో బండిల్ చేసే చోట ‘క్రియేట్ న్యూ’ ఉంటుంది. చెల్లుబాటు గడువు అక్కడ 25 ఏళ్లు అని ముందే ఉంటుంది, దాన్ని మార్చకండి. కీటూల్‌తో చేసేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. గడువు ఇవ్వకపోతే అది 90 రోజులే పెడుతుంది. ప్లే స్టోర్‌కు పంపే కీ 2033 అక్టోబర్ 22 తర్వాత దాకా చెల్లాలి. 10,000 రోజులు అని ఇచ్చేస్తే చాలు. కీ రకం ఆర్‌ఎస్‌ఏ, పరిమాణం కనీసం 2048 బిట్లు. పేరు, ఊరు, సంస్థ అడిగినచోట మీ సంస్థ వివరాలే రాయండి, దేశం దగ్గర ‘ఐఎన్’ అనే రెండక్షరాల కోడ్ ఇంగ్లిష్‌లో ఇవ్వండి.

తర్వాత ఆ కీస్టోర్ నుంచి సర్టిఫికెట్‌ను ‘పెమ్’ ఫైలుగా బయటికి తీయాలి. ఇది కీటూల్‌తోనే అవుతుంది. ఎక్స్‌పోర్ట్ ఆదేశానికి ‘ఆర్‌ఎఫ్‌సీ’ అనే ఎంపిక తోడు చేయాలి, లేకపోతే ఫైలు వేరే రూపంలో వస్తుంది, కన్సోల్ తీసుకోదు. గూగుల్‌కు పంపేది ఈ పెమ్ ఒక్కటే. అందులో బహిరంగ భాగం మాత్రమే ఉంటుంది. కీస్టోర్ ఫైలునూ పాస్‌వర్డ్‌నూ ఎవరు అడిగినా, సాయం చేస్తానని నాలాంటివాళ్లు అడిగినా, పంపకండి. ఆ రాత్రి ఆ కోచింగ్ సెంటర్ ఆయనకు కూడా వీడియో కాల్‌లో చూస్తూ ఆయన చేతులతోనే చేయించాను.

దరఖాస్తు పెట్టడం

ప్లే కన్సోల్‌లో మీ యాప్ తెరవండి. మెనూలో పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి పైనున్న వెతుకుపెట్టెలో ‘యాప్ సైనింగ్’ అని కొట్టడం తేలిక. ఆ పేజీలో యాప్ సైనింగ్ కీ, అప్‌లోడ్ కీ రెండింటి వేలిముద్రలూ కనిపిస్తాయి. ఎర్రర్‌లో చెప్పిన ‘రావలసిన’ షా-1 ఇక్కడి అప్‌లోడ్ కీదేనా అని ఒకసారి సరిచూసుకోండి. అక్కడే అప్‌లోడ్ కీ రీసెట్ కోరే బటన్ ఉంటుంది.

కారణం ఎంచుకోమంటుంది. కీ పోయింది, పాస్‌వర్డ్ మరిచిపోయాం, వేరేవాళ్ల చేతిలో పడింది అన్నట్టు ఉంటాయి. ఏది నిజమో అదే ఎంచుకోండి. పెమ్ ఫైలు జోడించి పంపండి.

ఖాతా మెయిల్‌కు జవాబు వస్తుంది. కొత్త కీ ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి చెల్లుతుందో అందులో ఉంటుంది. ఆ సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం. దరఖాస్తు పెట్టిన గంటలోనే కొత్త కీతో పంపి, మళ్లీ అదే ఎర్రర్ వచ్చిందని రెండో దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు. ఆ గడియ వచ్చేదాకా ఆగాలి. అందుకే పరీక్ష, పండుగ ఆఫర్ లాంటి తేదీ ఉన్న అప్‌డేట్‌ను చివరి రాత్రికి పెట్టుకోవద్దు. కోచింగ్ సెంటర్ ఆయన ఆ ఆదివారం పరీక్షను వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. యాప్ అప్‌డేట్ తర్వాతి వారం వెళ్లింది.

కీ మారాక గూగుల్ లాగిన్ ఆగిపోతే

స్టోర్ నుంచి దించుకున్న యాప్ మీద యాప్ సైనింగ్ కీ సంతకం ఉంటుంది, అది మారలేదు. కాబట్టి జనానికి లాగిన్ మామూలుగానే పనిచేయాలి. మీ ఆఫీసులో నేరుగా ఫోన్‌లోకి ఎక్కించి చూసే రిలీజ్ బిల్డ్ మీద మాత్రం కొత్త అప్‌లోడ్ కీ ఉంటుంది. దాని షా-1ను ఫైర్‌బేస్ (యాప్‌లకు లాగిన్ లాంటివి ఇచ్చే గూగుల్ సేవ) ప్రాజెక్టులో చేర్చేదాకా గూగుల్ లాగిన్ అక్కడ పనిచేయదు. దీనికి తిరగబడిన సమస్య కూడా తరచూ చూస్తాను. ఆఫీసులో అన్నీ బాగుంటాయి, స్టోర్‌లోకి వెళ్లగానే లాగిన్ ఆగిపోతుంది. అంటే ఫైర్‌బేస్‌లో అప్‌లోడ్ కీ షా-1 మాత్రమే ఉంది. యాప్ సైనింగ్ పేజీలోని యాప్ సైనింగ్ కీ వేలిముద్రను కూడా అక్కడ చేర్చండి.

ఐఫోన్ యాప్‌కైతే

ఆపిల్ దగ్గర లెక్క వేరు. అక్కడ రీసెట్ దరఖాస్తు లేదు, సర్టిఫికెట్‌ను మీరే రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. ఆపిల్ డెవలపర్ సభ్యత్వం చెల్లుతున్నంత కాలం, డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ రద్దు చేసినా యాప్ స్టోర్‌లో ఇప్పటికే ఉన్న యాప్‌లకు ఏమీ కాదు. సంస్థ లోపలి వాడకానికి ఎంటర్‌ప్రైజ్ ప్రోగ్రామ్‌లో ఇచ్చే యాప్‌లు మాత్రం సర్టిఫికెట్ రద్దయితే తెరుచుకోవు. వాటి జోలికి ఆలోచించి వెళ్లండి.

ఎక్కువగా వచ్చేది ‘సర్టిఫికెట్ దొరకలేదు’ అన్న ఎర్రర్. డెవలపర్ సైట్ నుంచి సర్టిఫికెట్‌ను దించుకుని కొత్త మ్యాక్‌లో వేసినా ఇది పోదు. కారణం, రహస్య కీ ఆ సర్టిఫికెట్‌లో లేదు. మొదట అభ్యర్థన ఫైలు ఏ మ్యాక్‌లో తయారైందో ఆ మ్యాక్ కీచైన్‌లోనే (కీలు, పాస్‌వర్డ్‌లు దాచే చోటు) ఉంది. ఆ మ్యాక్ అందుబాటులో ఉంటే కీచైన్ యాక్సెస్ నుంచి పీ12 ఫైలుగా ఎగుమతి చేసి తెచ్చుకోండి. లేకపోతే కొత్త అభ్యర్థన, కొత్త సర్టిఫికెట్, దానితో మళ్లీ చేసిన ప్రొవిజనింగ్ ప్రొఫైల్ (యాప్‌ను సర్టిఫికెట్‌తో ముడిపెట్టే ఫైలు) కావాలి. ఈ మూడోది మరిచిపోతే ‘ప్రొఫైల్‌లో ఈ సర్టిఫికెట్ లేదు’ అని ఇంకో ఎర్రర్ వస్తుంది. యాప్‌కు పుష్ నోటిఫికేషన్లలాంటి సౌకర్యం కొత్తగా చేర్చినా ప్రొఫైల్‌ను మళ్లీ తీయాల్సిందే.

‘ఈ సర్టిఫికెట్‌ను నమ్మలేం’ అని ఎర్రగా కనిపిస్తే ఆపిల్ మధ్యస్థ సర్టిఫికెట్ (మీ సర్టిఫికెట్‌ను ఆపిల్‌తో కలిపే లంకె) పాతది ఉందేమో చూడండి. పాతది 2023 ఫిబ్రవరి 7న ముగిసింది. చాలాకాలం మూలన ఉన్న మ్యాక్‌లలో ఇప్పటికీ ఎదురవుతుంది. ఆపిల్ సైట్ నుంచి కొత్త మధ్యస్థ సర్టిఫికెట్ వేసుకుంటే సరిపోతుంది. ‘ఎప్పుడూ నమ్ము’ అనే సెట్టింగ్ పెడితే సంతకం ఇంకా చిక్కుల్లో పడుతుంది, దాన్ని ముట్టుకోకండి.

అన్నీ సరిగ్గా ఉన్నా కొత్త సర్టిఫికెట్ ఇవ్వకపోతే, ఆపిల్ మార్చిన ఒప్పందానికి ఖాతాదారు అంగీకారం తెలపలేదేమో చూడండి. అది ఖాతాదారు మాత్రమే చేయగలరు. ఏడాదికి 99 డాలర్ల సభ్యత్వం గడువు తేదీ కూడా ఆ పేజీలోనే కనిపిస్తుంది.

యాప్ చేతికి తీసుకునే రోజు

హైదరాబాద్‌లో చిన్న వ్యాపారాల యాప్‌లు ఎక్కువగా ఫ్రీలాన్సర్లే చేస్తారు. మంచివాళ్లే, కానీ ఉద్యోగం వస్తే ఊరు మారతారు, ఫోన్ నంబర్ మారుతుంది. కాబట్టి చివరి వాయిదా ఇచ్చేముందు యజమానులు అడగాల్సినవి ఇవి: కీస్టోర్ ఫైలు, దాని పాస్‌వర్డ్, కీ మారుపేరు, ఐఫోన్ ఉంటే పీ12 ఫైలు. ఫైలు ఒక చోట, పాస్‌వర్డ్ వేరే చోట దాచండి. గిట్‌లోకి (కోడ్ దాచే చోటు) గానీ వాట్సాప్ గ్రూపులోకి గానీ ఎక్కించకండి. ప్లే కన్సోల్, ఆపిల్ ఖాతాలు సంస్థ మెయిల్ మీద ఉండాలి, చేసేవాళ్లను అందులో సభ్యులుగా చేర్చుకోవాలి.

ఆ కోచింగ్ సెంటర్ ఆయన ఇప్పుడు కొత్త కీస్టోర్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకున్నారు. ఒకటి ఆఫీసు లాకర్‌లో, ఒకటి ఇంట్లో. షా-1 వేలిముద్రను కాగితం మీద ప్రింటు తీసి రెండింటికీ చుట్టారు.