చైనా సిరా చిత్రలేఖనం, 4వ పాఠం: పొగమంచుతో కొండ ఎత్తు పెంచడం

రాళ్ల గీతలు చేతికి వచ్చాయి కాబట్టి ఇక దూరం చూపించడం నేర్చుకుందాం.

11వ శతాబ్దపు చిత్రకారుడు గువో షీ మూడు దూరాలు చెప్పాడు: కింది నుంచి శిఖరాన్ని తలెత్తి చూసే ఎత్తు, కొండ ముందు నుంచి వెనక్కి తొంగిచూసే లోతు, దగ్గరి కొండ మీంచి దూరపు కొండల వైపు సాగే విస్తారం. తైపే జాతీయ ప్రాసాద మ్యూజియంలో ఉన్న ఆయన 'తొలి వసంతం' (1072) పట్టుచిత్రంలో ఈ మూడూ కలిసే ఉన్నాయి. అందులో చూపు ఒకచోట నిలబడదు, కొండలో తిరుగుతుంది. కొండ ఎత్తుగా కనిపించాలంటే మొత్తం గీయకుండా నడుముకు మంచు చుట్టాలన్నదీ ఆయన మాటే. బండిచక్రం పనిచేసేది దాని నడుమ ఇరుసు దూరే ఖాళీ వల్లనేనన్న ప్రాచీన చైనా తత్వవేత్త లావోజీ ఆలోచన ఈ పద్ధతికి చాలా దగ్గర. ఇక్కడ తెల్లకాగితమూ బొమ్మలో భాగమే.

30×60 సెంటీమీటర్ల షువాన్ కాగితాన్ని (సిరా చిత్రాలకు వాడే చైనా కాగితం) నిలువుగా పరచండి. పటిక పట్టించనిదే కావాలి, పట్టించింది సిరాను పీల్చదు. ఒక గిన్నెలో చిక్కటి సిరా, రెండోదానిలో ఒక చెంచా సిరాకు నాలుగు చెంచాల నీళ్లు, మూడోదానిలో పన్నెండు.

కింది మూడో వంతులో బండలు, చెట్లు చిక్కటి సిరాతో వేయండి. శిఖరాన్ని రెండో గిన్నెతో పైనుంచి కిందికి దించుతూ, నడుము దగ్గర ఆపండి. గీత తడిగా ఉండగానే, మంచినీళ్లలో ముంచి ఒకసారి తుడిచిన రెండో కుంచెతో దాని చివరల్ని కిందికి లాగండి. ఈ పాఠం మొత్తానికీ కష్టమైన పని ఇదే. కాస్త ఆలస్యమైతే సిరా ఆరి అంచు గట్టిపడుతుంది, ఆపై ఎన్ని నీళ్లు పెట్టినా కరగదు. కుంచెలో నీరెక్కువైతే సిరా తెలుపులోకి పాకుతుంది. ముందు చిత్తుకాగితం మీద చుక్క పెట్టి చూడండి, అర సెంటీమీటరు దాటి పాకితే మళ్లీ తుడవండి.

మంచుకు మాత్రం గీత గీయకండి. వెడల్పు అంతటా ఒకేలా ఉన్నా అది పట్టీలా కనిపిస్తుంది, మంచులా కాదు. ఎడమవైపు 4 సెంటీమీటర్లు ఉంటే కుడివైపు 12 ఉండనివ్వండి. దూరపు చెట్లకు కొమ్మలు వద్దు, మూడో గిన్నె సిరాతో చుక్కలు చాలు.

ఆరాక తెల్లటి భాగాన్ని వెనక్కి మడిచి, శిఖరాన్ని బండలకు ఆనించి చూడండి. విప్పి మళ్లీ చూడండి. ఎత్తులో తేడా తెలియకపోతే శిఖరం అడుగు ఇంకా ముదురుగా ఉందన్నమాట. వచ్చే పాఠానికి ఇదే కొండను, మంచు వెడల్పు మాత్రమే మారుస్తూ, మూడు కాగితాల మీద వేసి ఉంచండి.