సముద్రం లేని ఊరి నుంచి సబ్‌సీ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయడం ఎలా?

పలమనేరు దగ్గర మాకొక బోరుంది, తొమ్మిది వందల అడుగులు. ఓ ఎండాకాలం మోటారు కాలిపోతే పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, క్లాంపు బిగించి, విప్పి, గట్టున పేర్చుకుంటూ పోతే చీకటి పడే వేళకు మోటారు బయటపడింది. మనకు పోయిందల్లా ఒక రోజు, నలుగురి కూలి, రివైండింగ్ ఖర్చు. సబ్‌సీ ఇంజనీరింగ్ అంటే సముద్రం అడుగున ఆయిల్, గ్యాస్ బావులకు పైపులు, వాల్వులు అమర్చే పని. అదేందని అడిగినవాళ్లకు నేను ఈ బోరు కథే చెప్తాను. ఇదే బోరు రెండు వేల మీటర్ల నీళ్ల కింద ఉందనుకోండి, అక్కడ నీటి ఒత్తిడి మనం నేల మీద మోసే గాలి ఒత్తిడికి రెండు వందల రెట్లు, మనిషి దిగడమనే మాటే లేదు. ఒక వాల్వు తిప్పాలన్నా పైన ఓడలో కూర్చున్న ఆపరేటరు ఆర్‌ఓవీ అనే రోబో చేత్తో తిప్పించాలి, ఆ ఓడకు రోజుల లెక్కన అద్దె కట్టాలి. అందుకే ఈ చదువంతా ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ ముట్టుకోకపోయినా పనిచేసే వస్తువు తయారు చేయడం గురించే.

కాబట్టి మొదటి పని అప్లికేషన్ పెట్టడం కాదు, ఇది మీకు పడుతుందో లేదో చూసుకోవడం. 2010 ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి పదకొండు మంది చనిపోయారు, దాదాపు 1,500 మీటర్ల లోతున బావి నుంచి ఆయిల్ కారుతూనే ఉంది, దానికి మూత పడింది జూలై 15న. ఈలోపు మొదట ఒక పెద్ద స్టీలు గోపురం దించి బోర్లిద్దామని చూశారు, అందులో గ్యాసూ చల్లటి నీళ్లూ కలిసి మంచులాంటి హైడ్రేట్ గడ్డలు కట్టేసి ఆ ప్రయత్నం ఫెయిలైంది. దాని మీద వచ్చిన విచారణ నివేదికలు నెట్‌లో ఊరికే దొరుకుతాయి, ఒక వారం కూర్చుని చదవండి. ఆ గడ్డ ఎందుకు కట్టింది, కట్టకుండా ఏం చేయొచ్చు అని మీకు నిద్ర పట్టకపోతే ఈ కోర్సు మీదే. బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్సు, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ బట్టీ పట్టి గట్టెక్కినవాళ్లు మాత్రం ఇక్కడే ఆగడం మంచిది, ఎందుకంటే పైప్‌లైన్లు, రైజర్లు (అడుగు నుంచి పైకి వచ్చే పైపులు), తుప్పు, ఫ్లో అష్యూరెన్స్ (పైపులో గడ్డ కట్టకుండా పారేలా చూడటం) అన్నీ వాటి మీదే నిలబడతాయి.

మెకానికల్, సివిల్, కెమికల్, నేవల్ ఆర్కిటెక్చర్ వాళ్లకు దారి సులువు. మిగతావాళ్లు ఆ కోర్సు పేజీలో అర్హతలు చూసుకోవాలి.

ఎక్కడ చదవాలి? స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ అని అందరూ అంటారు, నార్త్ సీ ఆయిల్‌కు అదే బేస్ కాబట్టి. అమెరికాలో హ్యూస్టన్, ఆస్ట్రేలియాలో పెర్త్ కూడా అలాంటి ఊర్లే. నార్వే ఫ్రీ అని ఇంకా చెప్తున్నారు, నమ్మొద్దు, 2023 నుంచి మనలాంటి దేశాల వాళ్లకు ఫీజు పెట్టారు. ఇక్కడే చదవాలనుకుంటే గేట్ రాసి ఐఐటీ మద్రాస్ లేదా ఖరగ్‌పూర్‌లో ఓషన్ ఇంజనీరింగ్ చూడండి, పేరులో సబ్‌సీ లేకపోయినా పునాది అదే, తిరుపతి నుంచి చెన్నై ఎంత దూరమని, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ఉంటాం. నా మట్టుకు నేను, అప్పు చేయకుండా పోయే దారి ఉన్నవాళ్లు దాన్నే ముందు ప్రయత్నించాలంటాను. పనులు కూడా మన దగ్గర లేకపోలేదు. చిత్తూరు, తిరుపతి మీదుగా పోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ చేరే కాకినాడ పక్కనే గాడిమొగ, కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం కింది కేజీ డీ6 గ్యాస్ 2009 నుంచి ఒడ్డుకు చేరేది అక్కడికే.

ఇక ఎస్‌ఓపీ, అంటే ఈ కోర్సే ఎందుకో అప్లికేషన్‌తో రాసిచ్చే కాగితం. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు నాకు రాసిచ్చిన దాంట్లో మొదటి వాక్యం "చిన్నప్పటి నుంచి నాకు సముద్రమంటే ప్రాణం". మా మామ చదివి "యాడిదిరా సముద్రం, పలమనేరులో?" అన్నాడు. ఆ కాగితం చించేసి బోరు మోటారు సంగతి రాశాను, పైపులు ఎలా లాగామో, కేబుల్ జాయింటులోకి నీళ్లు ఎలా పోయాయో, అది చూశాక సముద్రం అడుగున కనెక్టర్లను ఎలా సీల్ చేస్తారో ఎందుకు తెలుసుకోవాలనిపించిందో. మీరూ మీ చేతికి గ్రీజు అంటిన సంగతి ఏదైనా ఒకటి రాయండి, రెండు పేజీల పొగడ్తల కన్నా అది నయం.

డబ్బు దగ్గర తొందరపడొద్దు. లోన్ ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి, ఇంటి కాగితాలు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ ముందే తీసి పెట్టుకోండి, నాయన పేరా తాత పేరా అన్న పంచాయితీ అప్పుడే తేలుతుంది. ఇంకో మాట ఇంట్లోవాళ్లకు దాచకుండా చెప్పండి, ఈ రంగం ఆయిల్ ధరతో పాటు లేస్తుంది, పడుతుంది. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉన్నది 2016 మొదట్లో ముప్పైకి దిగింది, ఉద్యోగాలూ దాంతోపాటే పోయాయి. అందుకే ఎలక్టివ్‌లు ఎంచుకునేటప్పుడు ఒక కన్ను ఆఫ్‌షోర్ విండ్ మీద కూడా వేయండి, తేలే టర్బైన్లకూ మూరింగులు (అడుగుకు కట్టే గొలుసులు), కేబుళ్లు కావాలి కదా. స్కాట్లండ్‌లో పీటర్‌హెడ్ దగ్గర హైవిండ్ అనే తేలే విండ్ ఫామ్ 2017 నుంచి అలాగే నడుస్తోంది.

యూకే అయితే ఒక చిక్కు చాలామందికి ఆఖర్లో తెలుస్తుంది, ఏటాస్. కొన్ని ఇంజనీరింగ్ కోర్సులకు వీసా కన్నా ముందు ఈ క్లియరెన్స్ తెచ్చుకోవాలి. ఫీజు లేదు గానీ వారాలు పడుతుంది. ఆఫర్ లెటర్‌లో ఆ మాట ఉందేమో రాగానే చూడండి. చూపించే డబ్బు అకౌంటులో వరసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికే. టీబీ టెస్టు, వేలిముద్రలు చెన్నైలో, రెండూ ఒకే ట్రిప్పులో పెట్టుకోవాలనుకోకండి, టెస్టు సర్టిఫికెట్ వచ్చాకే వీసా అప్లై చేయాలి.

అక్కడ కోర్సు ఏడాదే. సెప్టెంబరులో దిగితే వచ్చే ఎండాకాలానికి డిసర్టేషన్‌లో ఉంటారు, కాబట్టి టాపిక్ కోసం కంపెనీల వాళ్లకు మెయిళ్లు క్రిస్మస్ సెలవుల్లోపే మొదలుపెట్టండి. వెళ్లే ముందు పైథాన్ కాస్త, రైజర్లు, మూరింగుల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ ఓర్కాఫ్లెక్స్ ఫ్రీ డెమో కాస్త చేతికి అలవాటు చేసుకోండి. స్వెట్టర్లు మాత్రం ఇక్కడ కొనకండి, ఆబర్డీన్ గాలికి అవి ఆగవు.