విశాఖ సముద్రంలో జిగ్గింగ్: సరైన జిగ్ ఎలా ఎంచుకోవాలి?

జిగ్ అంటే చిన్న చేపలా కనిపించే, గాలం కట్టిన బరువైన లోహపు ఎర. దాన్ని పడవ మీంచి నేరుగా కిందికి దించి, గుంజుతూ ఆడించి చేపని పట్టడమే జిగ్గింగ్. షాపులో మెరుపులు చూసి జిగ్ కొనేసి, పడవెక్కాక "చేప పడట్లేదన్నా" అని మొహం వేలాడేసేవాళ్ళే ఎక్కువ. రంగు ఆఖరి సంగతి. ముందు బరువు చూడండి.

సామాను: జిగ్గింగ్ రాడ్, రీల్, పది మీటర్లకోసారి రంగు మారే అల్లిక లైన్, ఫ్లోరోకార్బన్ లీడర్ (లైన్ చివర, జిగ్‌కి ముందు కట్టే గట్టి ప్లాస్టిక్ దారం). అంతే.

ఆకారం: కత్తిలా సన్నగా పొడుగ్గా ఉండేది జోరుగా దిగుతుంది, సూర, కోణెం లాంటి పరుగు చేపలకు అదే. ఆకులా వెడల్పుగా ఉండేది తూలుతూ దిగుతుంది. రాళ్ళ దగ్గర కాచుకునే గ్రూపర్‌కి ఇది.

బరువు: అందరూ బోల్తా పడేది ఇక్కడే. అడుగు లోతుకి ఒక గ్రాము చొప్పున మొదలుపెట్టండి. పడవవాళ్ళు లోతు బారల్లో చెబుతారు, బార అంటే సుమారు ఆరడుగులు. పదిహేను బారలంటే 90 గ్రాములు. కానీ ఇది నీళ్ళు నిలకడగా ఉన్నప్పటి లెక్క. నీరు లాగుతున్నా, గాలికి పడవ కొట్టుకుపోతున్నా సరిపోదు. లైన్ లావుగా ఉంటే నీరు దాన్నీ లాగేస్తుంది, ఇంకాస్త బరువు కావాలి.

సరిపోయిందో లేదో తేల్చేది రెండోసారి వదలడం. మొదట జిగ్ నేల తాకగానే లైన్ వదులవుతుంది. వెంటనే పైకి లాగండి, ఆలస్యమైతే రాళ్ళలో ఇరుక్కుంటుంది. ఐదారు గుంజులు గుంజి మళ్ళీ వదలండి. ఈసారి నేల తగిలింది తెలియలేదా, లైన్ బాగా ఏటవాలుగా పోతోందా, ఇంకో 30 గ్రాములు పెంచండి. అలాగని ఒకేసారి 200 గ్రాములది కట్టకండి! రాయిలా పడిపోతుంది, ఆట ఉండదు, మీ భుజాలూ పోతాయి. రాడ్ మీద రాసిన గరిష్ఠ బరువు దాటనే కూడదు.

టంగ్‌స్టన్ జిగ్ అదే బరువుకి చిన్నగా ఉంటుంది, త్వరగా దిగుతుంది. కానీ రాళ్ళకు పోగొట్టుకునేది చవకైన సీసందే అయితే ప్రాణానికి హాయి.

కింద మూడు ముళ్ళ గాలం ఉంటే పీకేయండి, అది నేలనే పడుతుంది. పై రింగుకి అసిస్ట్ హుక్ (పొట్టి గట్టి దారానికి వేలాడే గాలం) కట్టండి. కోణెం తిరిగే చోట మాత్రం జానెడు స్టీలు తీగ తప్పదు, దాని పళ్ళకి లీడర్ ఓ లెక్కా? పడవ నడుపుతూ వెనక ఎర లాక్కుంటూ గంటలకొద్దీ డీజిల్ తగలేసే ట్రోలింగ్ వాళ్ళు ఈ గొడవలేవీ పట్టించుకోరు. చేప ఒకచోట గుంపుగా ఉన్నప్పుడు దాని నెత్తిమీదే జిగ్ దించే సుఖం వాళ్ళకేం తెలుసు.

రంగు: కవళ్ళు, నెత్తళ్ళు తిరిగే చోట వెండి రంగు. లోతులో, మసక నీళ్ళలో చీకట్లో వెలిగేది. ఎరుపు జోలికి పోకండి, లోతుకి పోయేసరికి నల్లగా కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక జిగ్‌లన్నీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. రింగు తుప్పు పట్టి ఉంటే మార్చేయండి.