తాత జేబు గడియారం మిలిటరీదేనా? ఎట్ల చూడాలె

మొన్న కాజీపేటల ఒకాయన వాళ్ల తాతదని జేబు గడియారం చూపెట్టిండు, నేనైతే డయల్ జోలికి పోకుండ ముందుగాల వెనక మూతే తిప్పి చూసిన. రెండో ప్రపంచ యుద్ధం అప్పటి బ్రిటిష్ సైన్యంది అయితే బాణం ములికి లెక్క మూడు గీతల గుర్తు, జీ.ఎస్.టీ.పీ. అనే అక్షరాలు, ఒక నంబరు మామూలుగ ఉంటయి. ఆ నంబరు సైన్యం కొట్టించింది, తయారైన ఏడాది దాంతోని తెల్వది, చానమంది ఇక్కడ్నే బోల్తా పడ్తరు. రెండు బాణాలు ముక్కుకు ముక్కు ఎదురుగ ఉంటే సైన్యం అమ్మేసిందన్నట్టు.

మూత మీరే చాకుతోని తియ్యకుండ్రి, నేను ఒకదానికి గీత పెట్టుకున్న, ఇప్పటికీ కండ్లవడ్తనే ఉంటది. హన్మకొండ చౌరస్తా దిక్కు పాత గడియారాలు రిపేరు చేసేటాయన ఎవరన్న దొరికితే తీయించి లోపలి మిషన్ ఫోటో తీస్కోండ్రి. అమెరికా కంపెనీలైన ఎల్జిన్, వాల్థమ్ గడియారాలు అయితే మిషన్ మీది సీరియల్ నంబరుతోని ఏడాది పట్టొచ్చు, స్విస్ వాటికి అంత ఈజీ కాదు.

ముండ్ల మీద మాడిన రంగు పూత ఉంటే అది రేడియం కావొచ్చు, అంటే చీకట్ల వెలగనీకి అప్పట్ల పూసిన, రేడియేషన్ ఇచ్చే పదార్థం; చీకట్ల వెలగకున్నా రేడియేషన్ పోదు, సగం తగ్గనీకే 1600 ఏండ్లు వడ్తది, గీకుడు ఊదుడు బంద్. ఇగ పాలిష్ అయితే అస్సలే వద్దు, బాణం గుర్తు అరిగిపోతది.