పెళ్లికార్డు మీది శ్లోకాన్ని కింది నుంచి చదవండి

పెళ్లికార్డుల డీటీపీలో నాకు పద్దెనిమిదేళ్లు. కార్డు చేతికందగానే జనం చూసేవి రెండే: ముహూర్తం ఎప్పుడు, విందు ఎక్కడ. పైన వినాయకుడి బొమ్మ కింద ఉండే శ్లోకం జోలికి ఎవరూ పోరు. మొదట్లో నేనూ అంతే, కాపీ పేస్ట్. ఒకసారి ‘న్యస్తా’ బదులు ‘వ్యస్తా’ పడి 500 కార్డులు అచ్చయిపోయాయి. పెళ్లికూతురి తాతగారు సంస్కృతం మాస్టారు. "సీతమ్మ ముత్యాలు రాముడి తల మీద పోసిందా, చెల్లాచెదురు చేసిందా నాయనా?" అన్నారు. మళ్లీ అచ్చువేసిచ్చాం. ఆ రోజు ఆయన కూర్చోబెట్టి నేర్పిన పద్ధతి ఇది.

జానక్యాః కమలామలాంజలిపుటే యాః పద్మరాగాయితాః
న్యస్తా రాఘవమస్తకే చ విలసత్కుందప్రసూనాయితాః
స్రస్తాః శ్యామలకాయకాంతికలితా యా ఇంద్రనీలాయితాః
ముక్తాస్తాః శుభదా భవంతు భవతాం శ్రీరామవైవాహికాః

ముందు నాలుగో పాదం పట్టుకోండి. ‘ముక్తాః తాః’ అంటే ఆ ముత్యాలు. మూడు పాదాలు చదివినా దేని గురించో తెలియదు, పొడుపుకథలా చివర విప్పాడు. ‘యాః’ అంటే ఏవైతే, ‘తాః’ అంటే అవి. పెన్సిల్‌తో ఈ రెండు మాటల కిందా గీత గీస్తే సగం పని అయిపోతుంది.

ఇప్పుడు పైమూడు పాదాల చివర చూడండి, మూడింట్లోనూ ‘ఆయితాః’ ఉంది. ‘అలా అయినవి’ అని. జానకి తామరల్లాంటి దోసిట్లో ఉన్నంతసేపూ ఆ ముత్యాలు కెంపులు. అరచేతి ఎరుపు వాటికి అంటుకుంది. రాఘవుడి తల మీద ఉంచితే మొల్లపూలు. అక్కణ్నుంచి జారి (‘స్రస్తాః’ అంటే అదే) నల్లని ఒంటి మీదికి వచ్చేసరికి ఇంద్రనీలాలు. పక్కదాని రంగు తెచ్చుకోవడాన్ని తద్గుణాలంకారం అంటారు. నాకు నచ్చేది మాత్రం మధ్య పాదం. ఎరుపు వదిలి, నలుపు ఇంకా అందుకోక, ముత్యం కాసేపు తన తెలుపులోనే ఉంటుంది. వీడియోవాళ్ల స్లో మోషన్‌కి ఇంత ఓపిక లేదు.

ప్రేమ అన్న మాట శ్లోకంలో ఎక్కడా లేదు. కళ్లూ ముక్కూ వర్ణించలేదు. ఆమె చేతిలో ఎర్రబడిన ముత్యమే అతని ఒంటి మీద నల్లబడింది, అంతే. మన తలంబ్రాలు పసుపు బియ్యం కాబట్టి ఈ రంగులాట కనిపించదు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ఇప్పటికీ ముత్యాల తలంబ్రాలు వాడతారు. టీవీలో చూసేటప్పుడు ఈ మూడు పాదాలు గుర్తు తెచ్చుకోండి.

ఇక ‘భవతాం’. చాలామంది ఈ దీవెన వధూవరులకనుకుంటారు. కాదు, ‘భవతాం’ అంటే ‘మీకు’. శ్రీరాముడి పెళ్లినాటి ఆ ముత్యాలు మీకు మేలు చేయుగాక అని. అంటే కార్డు అందుకుని చదివేవాళ్లకి, విందు టైము వెతుక్కునేవాళ్లకి కూడా.

మీ ఇంట్లో పెళ్లయితే ప్రూఫ్‌లో విసర్గలు లెక్కపెట్టండి. మొదటి పాదంలో 3, రెండో దాంట్లో 1, తర్వాత రెండేసి, మొత్తం 8. విసర్గ బదులు కోలన్ కొట్టేవాళ్లున్నారు, అదీ చూసుకోండి.