ఇచ్ఛాపురం గడియారం, బరంపురం గడియారం: ఏకకాలికత మీద వాదన దారి తప్పకుండా నడపడం ఎలా

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కోరాపుట్ జిల్లాలో జయపురానికి కాస్త పడమరగా పోతుంది. బరంపురం దాదాపు 84.8 డిగ్రీల దగ్గరుంది కాబట్టి అక్కడ సూర్యుడు సగటున గడియారం కంటే 9 నిమిషాలు ముందుంటాడు. గడ్చిరోలి జిల్లా సిరొంచలో, 80 డిగ్రీల దగ్గర, 10 నిమిషాలు వెనకబడతాడు. అయినా 1906 జనవరి 1 నుంచి రెండు చోట్లా టైము ఒకటే. దూరంగా ఉన్న రెండు చోట్ల జరిగినవి ఒకే సమయంలో జరిగాయా అన్న ప్రశ్నే ఏకకాలికత. సాపేక్షత మీద చర్చ పెడితే ఎవరో ఒకరు ఈ పోలిక తెచ్చి, "ఐన్‌స్టీన్ చేసిందీ ఇదేగా, గడియారాలు ఎలా కలుపుకోవాలో ఒక ఒప్పందం" అంటారు. కొట్టిపారేయకండి, అందులో సగం నిజముంది. మిగతా సగం ఏమిటో తేల్చడానికే ఈ పద్ధతి. పర్లాకిమిడి, రాయగడ, సిరొంచ లాంటి చోట్ల ఇంటర్, డిగ్రీ పిల్లలతో సాయంత్రం గంటన్నరలో నడపగలిగేలా ఇది రాశాం.

ముందు మాటల సంగతి. సరిహద్దు జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఒకే భావానికి మూడు పేర్లు తిరుగుతుంటాయి. అందుకని పారిభాషిక పదాల కంటే ముందు రెండు మామూలు తెలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి: "ఎన్నింటికి?", "ఎంతసేపు?" ఒకే గడియారం చేతిలో పట్టుకుని "ఎంతసేపు?" అని అడిగితే జవాబుకు ఏ ఒప్పందమూ అక్కర్లేదు. ఒక ఊళ్లో బయల్దేరి ఇంకో ఊరు చేరడం "ఎంతసేపు" అని ఆ రెండు ఊళ్ల గడియారాలతో లెక్కకడితే మాత్రం లోపల "ఎన్నింటికి" దాగి ఉంటుంది. ఆ గడియారాల్ని ఎలా కలిపారో చెప్పకుండా దానికి జవాబు లేదు. చాలా వాదనలు ఇక్కడే కాలు జారతాయి.

దీన్నుంచే సభ నియమం వస్తుంది. ఎవరు ఏ సమయం చెప్పినా మూడు విషయాలు చెప్పి తీరాలి: ఏ గడియారం, అది ఎక్కడుంది, ఏ పద్ధతిలో కలిపారు. మూడో దానికి జవాబు లేని వాక్యాన్ని బోర్డు మీదికి ఎక్కించకూడదు. పక్షాలు రెండు: ఐన్‌స్టీన్ పక్షం, నిజంగా నిశ్చలమైన చట్రం (కదలికను కొలవడానికి ఎంచుకున్న ఆధారం) ఒకటుందనే నిరపేక్ష నిశ్చలస్థితి పక్షం. పక్షానికి ముగ్గురు చాలు. లెక్క రాసే మనిషి ఏ పక్షానికీ చెందకూడదు.

కలిపే పద్ధతి ఐన్‌స్టీన్ 1905 వ్యాసం మొదటి విభాగంలోనే ఉంది. దాన్ని మేఘనాద్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్‌ల అనువాద సంపుటి 1920లోనే కలకత్తాలో అచ్చువేసింది. ఇచ్ఛాపురం నుంచి కాంతి పంపాలి, బరంపురంలో అద్దం తగిలి తిరిగి రావాలి. పోయి వచ్చిన మొత్తం సమయంలో సరిగ్గా సగం దగ్గర కాంతి బరంపురం చేరిందని నిర్ణయించి, అక్కడి గడియారాన్ని ఆ అంకెకు పెట్టాలి. "సగం" అన్న మాట కింద గీత గీయండి. పోయిరావడానికి పట్టిన సమయాన్ని ఒకే గడియారంతో కొలిచాం. సగం అన్నది మాత్రం కొలిచి తెచ్చింది కాదు, అలా పెట్టుకున్నాం. కాంతి సంకేతాలతో గడియారాలు కలపడం గురించి ఫ్రెంచ్ గణితవేత్త పోయాంకరే 1900లోనే రాశాడు, కానీ కాంతి ప్రయాణించడానికి మాధ్యమంగా ఊహించిన ఈథర్‌ని వదల్లేదు. నిరపేక్ష నిశ్చలస్థితి పక్షం వాళ్లకు ఇది చెప్పడం న్యాయం.

ఇక లెక్క. గంటన్నరలో కనీసం 40 నిమిషాలు దీనికే ఇవ్వండి. రెండు స్టేషన్ల మధ్య నిజం దూరం ఇంకా తక్కువే అయినా, అంకెలు నున్నగా రావడానికి 36 కిలోమీటర్ల నేరు పట్టాలు అనుకుందాం. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కి.మీ. అంటే ఒకవైపుకు 120 మైక్రోసెకన్లు, పోయిరావడానికి 240. రైలు వేగం కాంతి వేగంలో 0.6, గామా (గడియారాలు నెమ్మదించే, దూరాలు కుదించుకునే నిష్పత్తి) 1.25. రైలు ఇచ్ఛాపురం దాటినప్పుడు రైలు గడియారం, ఇచ్ఛాపురం గడియారం రెండూ సున్నా.

నేల పక్షం లెక్క: 120ని 0.6తో భాగిస్తే 200. రైలు చేరినప్పుడు బరంపురం గడియారం 200 చూపుతుంది. రైలు గడియారం నెమ్మదిగా నడిచింది కాబట్టి 200ని 1.25తో భాగించి 160 చూపుతుంది.

ఇప్పుడు రైలు పక్షం లేచి, "మాకు నేలే కదులుతోంది, కాబట్టి నెమ్మదించాల్సింది నేల గడియారాలు. 160ని 1.25తో భాగిస్తే 128. మరి బరంపురంలో 200 ఎలా వచ్చింది?" అని అడుగుతుంది. సభ ఇక్కడ ఆగిపోతుంది, ఆగనివ్వండి. సాపేక్షతలో వైరుధ్యం దొరికిందన్న వాదాలు చాలా మటుకు ఈ అడుగు దగ్గరే పుడతాయి. జవాబు కలిపిన పద్ధతిలో ఉంది. రైలు తన గడియారాల్ని తన కాంతితో కలుపుకుంది. ఆ లెక్కలో నేల గడియారాలు రెండూ కలిసి లేవు. వేగాన్ని దూరంతో గుణించి కాంతి వేగపు వర్గంతో భాగిస్తే, 0.6 ఇంటు 120, అంటే 72 మైక్రోసెకన్లు బరంపురం మొదటి నుంచే ముందుంది. 72కు 128 కలిపితే 200. దూరం కూడా చూడండి: రైలుకు 36 కి.మీ. కుదించుకుని 28.8 అయింది, 0.6 వేగంతో దాన్ని దాటడానికి 160. ఏ అంకె దగ్గరా గొడవ లేదు. విద్యార్థి కుదింపునీ నెమ్మదింపునీ వేసి ఈ 72ని మరిచిపోతే లెక్క ఎప్పటికీ కుదరదు. ఆ 72ని రంగు చాక్‌పీసుతో రాయండి.

దిశ కూడా తరచూ తారుమారవుతుంది. కదులుతున్న గడియారాల జతలో ముందు పోయేది వెనకబడి ఉంటుంది. రైలు దృష్టిలో నేల ఇచ్ఛాపురం వైపుగా వెనక్కి పోతోంది కాబట్టి ముందున్నది ఇచ్ఛాపురం, వెనకబడేదీ అదే.

ఇప్పుడు నిరపేక్ష నిశ్చలస్థితి పక్షానికి వాళ్ల అత్యంత బలమైన వాదన అప్పగించండి. బలహీనమైన రూపాన్ని ఓడించి చప్పట్లు కొట్టించడం ఈ విషయానికి అన్యాయం. డచ్ భౌతికశాస్త్రవేత్త లోరెంట్జ్ దారి ఇది: నిజంగా నిశ్చలమైన చట్రం ఒకటుంది. దానిలో కదిలే కడ్డీలు నిజంగా కుదించుకుంటాయి, గడియారాలు నిజంగా నెమ్మదిస్తాయి, కాంతి వేగం అందులో మాత్రమే అన్ని వైపులా ఒకటి. మైకెల్సన్, మోర్లీల 1887 ప్రయోగం దీన్ని కూల్చిందని ఎవరైనా అంటే ఆపండి. రెండు కాంతి కిరణాలు కలిసినప్పుడు కనిపించే వెలుగు-చీకటి పట్టీలు, పట్టీ వెడల్పులో 0.4 మేర జరుగుతాయని వాళ్లు ఆశించారు, కనిపించింది అందులో 20వ వంతు కంటే తక్కువ. కానీ అది కాంతి పోయి వచ్చే ప్రయోగం. కుదింపు ఒప్పుకుంటే లోరెంట్జ్‌కీ సున్నాయే వస్తుంది. 1932 కెనెడీ-థార్న్‌డైక్, 1938 ఐవ్స్-స్టిల్‌వెల్ ప్రయోగాలు కలిశాక నెమ్మదింపును కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండూ ఒప్పుకున్న లోరెంట్జ్ సిద్ధాంతం ఐన్‌స్టీన్ చెప్పిన అంకెలే చెబుతుంది.

ఈ పక్షం వాళ్లకు ఒక అంకె ఇవ్వండి. విశ్వమంతా నిండి ఉన్న విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణంతో పోలిస్తే సూర్యుడి వేగం సెకనుకు దాదాపు 370 కి.మీ. అదే నిజమైన నిశ్చల చట్రం అనుకుంటే, మన పట్టాలు ఆ దిశలో ఉన్నప్పుడు ఐన్‌స్టీన్ పద్ధతిలో కలిపిన రెండు గడియారాలు "నిజానికి" దాదాపు 148 నానోసెకన్లు తేడాగా ఉన్నట్టు. ఆధునిక గడియారాలకు ఇది చాలా పెద్ద తేడా. అయితే కనిపెట్టేయొచ్చుగా అని అడుగుతారు. కాంతిని వదిలేసి, ఇచ్ఛాపురంలో కలిపిన గడియారాన్ని బస్సులో నెమ్మదిగా బరంపురం తీసుకెళదామంటారు. గంటకు 36 కి.మీ. వేగంతో పోతే ఐన్‌స్టీన్ లెక్కలో అది కోల్పోయేది 2 పికోసెకన్లు, ఇంకా నెమ్మదిగా పోతే ఇంకా తక్కువ. ఇది కాంతి పద్ధతితో సరిపోతుంది. లోరెంట్జ్ లెక్కలోనూ సరిపోతుంది, ఎందుకో అక్కడే చేయించండి. ఆ బస్సులోని గడియారం ఇప్పటికే 370 కి.మీ.తో పోతూ, దానికి తోడు ఇంకాస్త కదిలింది. నెమ్మదిగా పోతే సెకనుకు నష్టం తక్కువ, కానీ ప్రయాణం అంత ఎక్కువసేపు. బస్సు వేగం రెండు చోట్లా కొట్టుకుపోయి అదే 148 నానోసెకన్లు మిగులుతుంది. మోసుకెళ్లిన గడియారం కూడా కాంతి ఎంత తప్పితే అంతే తప్పుతుంది.

దీన్ని చేతులతో తాకి చూడాలంటే ధ్వనితో ప్రయోగం చేయండి. రెండు ఫోన్లు, 100 మీటర్ల టేపు, ఆడాసిటీ (శబ్దాలను తరంగాలుగా చూపే సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటరు చాలు. రికార్డింగ్ వేవ్ ఫార్మాట్‌లో, సెకనుకు 44,100 శాంపిళ్లతో పెట్టి, రొద తగ్గించే సదుపాయాన్ని ఆపేయండి. లేకపోతే దూరపు చప్పట్లను ఫోనే తుడిచేస్తుంది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టి ఒక చప్పట్టు కొట్టండి. ఒక ఫోన్ని 100 మీటర్ల దూరం తీసుకెళ్లండి. ఇక్కడివాళ్లు ఒకటి, కాసేపాగి అక్కడివాళ్లు ఒకటి కొట్టాలి, ఫోనుకు 30 సెం.మీ. లోపే. మళ్లీ ఫోన్లు కలిపి చివరి చప్పట్టు కొట్టండి.

ముందు కొట్టినవాళ్ల ఫోనులో రెండు చప్పట్ల మధ్య వ్యవధి నుంచి రెండో ఫోనులోని వ్యవధిని తీసేస్తే, ధ్వని పోయిరావడానికి పట్టిన సమయం వస్తుంది. 30 డిగ్రీల దగ్గర, గాలి లేనప్పుడు దాదాపు 0.573 సెకను. ఇందులో గడియారాలు కలపాల్సిన పనే లేదు. ఒకవైపు సమయం కావాలంటే మాత్రం మొదటి, చివరి చప్పట్లతో ఫోన్లను కలపాలి. సెకనుకు 5 మీటర్ల గాలి వరుస వెంబడే వీస్తుంటే రెండు దిశల మధ్య 8 మిల్లీసెకన్లు తేడా వస్తుంది. బరంపురం, గోపాలపురం వైపు మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి వచ్చేవేళ చూడండి, కానీ అలల హోరు వినబడనంత లోపలి మైదానంలో.

తప్పేది ఇక్కడ: ఫోన్ల గడియారాల్లో మిలియన్‌కు 20 వంతుల తేడా ఉంటే 10 నిమిషాల్లో 12 మిల్లీసెకన్లు జరిగిపోతాయి, మీరు వెతికే 8 కంటే ఎక్కువ. అందుకే చివరి చప్పట్టు తప్పనిసరి. ఆ జరుగుదలను రెండు కొసల మధ్య సమానంగా పంచి తీసేయాలి. పోయివచ్చే సమయంలోనే గాలి ప్రభావాన్ని వెతక్కండి. అది 0.12 మిల్లీసెకను మాత్రమే, ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే దాదాపు 1 మిల్లీసెకను మారిపోతుంది.

దీంతో గాలి ఎటు కదులుతోందో తెలిసింది, అంటే గాలి నిశ్చలంగా ఉన్న చట్రం దొరికింది. ఫోను గడియారం గాలిలో కదిలినా నెమ్మదించదు, టేపు కుదించుకోదు. అందుకే దొరికింది. కాంతి విషయంలో గడియారం, కడ్డీ, కాంతి మూడూ ఒకే నియమాలకు లోబడతాయి, అందుకే ఈథర్ దొరకలేదు. నిరపేక్ష పక్షం దీన్ని "దాక్కుంది" అంటుంది, ఐన్‌స్టీన్ పక్షం "అక్కర్లేదు" అంటుంది. మా అభిప్రాయం రెండోదే. ఏ కొలతకూ అందకుండా అన్ని ప్రభావాలూ కచ్చితంగా కొట్టుకుపోయేలా అమర్చుకోవాల్సిన వస్తువును ఉంచుకోవడం కంటే, ఆ అమరికనే సూత్రంగా తీసుకోవడం మంచి భౌతికశాస్త్రం. కానీ ఇది కొలతతో తేలిన తీర్పు కాదు. బోర్డు మీద వేరే రంగుతో రాయాలి.

పక్కదారులు మూడు వస్తాయి. మొదటిది సాన్యాక్ ప్రభావం, అంటే తిరిగే వస్తువు చుట్టూ గడియారాలు కలిపితే మిగిలే తేడా: భూమధ్యరేఖ వెంబడి గడియారాల్ని ఒకదానితో ఒకటి కలుపుకుంటూ చుట్టివస్తే, మొదటి దాని దగ్గర దాదాపు 207 నానోసెకన్లు తేడా మిగులుతుంది. జీపీఎస్ గడియారాల్ని భూకేంద్ర, భ్రమణంలేని చట్రంలో కలపడానికి కారణం ఇదే. ఇది భ్రమణాన్ని చూపుతుంది. భ్రమణం కనిపెట్టవచ్చని ఐన్‌స్టీన్ సిద్ధాంతమూ ఒప్పుకుంటుంది, నిశ్చలస్థితికి ఇది సాక్ష్యం కాదు. రెండోది 1676లో రోమర్ అనే ఖగోళవేత్త గురుగ్రహపు ఉపగ్రహం అయో గ్రహణాలతో కాంతి వేగాన్ని ఒకేవైపు కొలిచాడన్న వాదం. భూమి తన కక్ష్యలో గడియారాన్ని మోసుకుపోతోంది, కాబట్టి అదీ బస్సు ప్రయోగమే. మూడోది నేపథ్య వికిరణం. అది అన్ని వైపులా ఒకేలా కనిపించే చట్రం ఉన్న మాట నిజం, గాలి నిలకడగా ఉండే చట్రం ఉన్నట్టే. స్థానిక నియమాలు దాన్ని పట్టించుకోవు.

చివరి 15 నిమిషాలు ఎప్సిలాన్‌కు, అంటే పోయివచ్చే సమయంలో కాంతి అటు చేరిందని పెట్టుకునే భిన్నానికి. "సగం" బదులు 0.75 పెట్టి చూద్దాం. బరంపురం గడియారం 60 మైక్రోసెకన్లు ముందుకు జరుగుతుంది. కాంతి అటు పోవడానికి 180, ఇటు రావడానికి 60. రైలు చేరినప్పుడు బరంపురం 260 చూపుతుంది, రైలు గడియారం మాత్రం 160నే. రైలు అక్కడే తక్షణం తిరిగి అదే వేగంతో వచ్చిందనుకోండి. ఇచ్ఛాపురం గడియారం 400, రైలు గడియారం 320. తిరుగు ప్రయాణానికి నేల లెక్కలో 140, రైలు లెక్కలో 160. అంటే వెనక్కి వచ్చేటప్పుడు కదిలే గడియారమే వేగంగా నడిచినట్టుంది! పిల్లలు దీన్ని తప్పనుకుని చెరిపేయబోతారు, చెరపనివ్వకండి. ఒకవైపు ప్రయాణంలో "నెమ్మదించింది" అన్న మాట కలిపిన పద్ధతి మీద ఆధారపడుతుంది. 400, 320 మాత్రం ఎప్సిలాన్ ఎంత పెట్టినా కదలవు. ఇళ్లకు వెళ్లే ముందు ప్రతి పక్షం చేతా 0.25తో ఇదే పట్టిక మళ్లీ చేయించి, మారిన అంకెలు ఒక రంగులో, మారనివి ఇంకో రంగులో రాయించండి. బరంపురంలో 140 వచ్చిందా, తిరుగు ప్రయాణానికి 260 వచ్చిందా సరిచూసుకోండి.